ఇనుము విప్పే ముడి

"ఉత్ప్రేరకం రసాయన చర్యలో పాల్గొనకుండానే దాని వేగాన్ని పెంచుతుంది" అన్న వాక్యాన్ని మనలో చాలామంది బడిలో కంఠతా పట్టినవాళ్ళమే. ఈ మధ్య ఒక విద్యార్థిని, "పాల్గొననిది వేగాన్ని ఎలా పెంచుతుంది?" అని నన్ను అడిగింది. ఆమె సందేహం న్యాయమైనది. ఉత్ప్రేరకం చర్యలో నిండుగా పాల్గొంటుంది, బంధాలు ఏర్పరచుకుంటుంది, వాటిని వదులుకుని మొదటి రూపానికి తిరిగి వస్తుంది. 1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ దీనికి కెటాలిసిస్ అని పేరు పెట్టినప్పుడు దీని వెనుక ఏదో ప్రత్యేక శక్తి ఉందని భావించారు. ఆ భావన నీడ మన పాఠాల మీద ఇంకా మిగిలి ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. అయితే ఆ పేరుకు మూలమైన గ్రీకు పదానికి సడలించడం, విప్పడం అనే అర్థం ఉంది. పేరు మాత్రం చక్కగా కుదిరింది.

నైట్రోజన్, హైడ్రోజన్ వాయువులను కలిపి చేసే అమ్మోనియా తయారీనే చూడండి. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులను కలిపి ఉంచే త్రిబంధాన్ని (మూడు పేటల బంధాన్ని) తెంచడానికి మోలుకు సుమారు 945 కిలోజౌళ్ళు కావాలి. హైడ్రోజన్ అణువుకైతే 436 చాలు. ఆ త్రిబంధాన్ని తడిసి బిగుసుకున్న ముడి అనుకుందాం. తెగేదాకా లాగడం ఒక పద్ధతి. విపరీతంగా వేడి చేయడమంటే అదే. కాని అమ్మోనియా ఏర్పడేటప్పుడు వేడి వెలువడుతుంది కనుక, ఉష్ణోగ్రత పెంచినకొద్దీ సమతాస్థితి వెనక్కి జరిగి, తయారైన అమ్మోనియా మళ్ళీ విడిపోతుంది. ముడిని తెంచే బలమే కొత్త అల్లికనూ చింపేస్తుంది. కాబట్టి ఇక్కడ కావలసినవి ముడి విప్పగల వేళ్ళు.

ఆ వేళ్ళు ఇనుము ఉపరితలానికి ఉన్నాయి. నైట్రోజన్ అణువు దాని మీద వాలి అధిశోషణం చెందినప్పుడు, అంటే ఉపరితలానికి అంటుకున్నప్పుడు, ఇనుము తన డి-ఎలక్ట్రాన్ల (బయటి వైపు ఉండే కొన్ని ఎలక్ట్రాన్ల) సాంద్రతలో కొంత నైట్రోజన్ అపబంధక ఆర్బిటాళ్ళలోకి, అంటే ఎలక్ట్రాన్లు చేరితే బంధాన్ని సడలించే స్థానాల్లోకి, పంపుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు చేరినకొద్దీ బంధం బలహీనపడుతుంది కనుక, ముడి క్రమంగా సడలి, రెండు పరమాణువులూ విడివిడిగా ఇనుముకు అంటుకుంటాయి. 945 కిలోజౌళ్ళను ఒక్కసారిగా సమకూర్చనక్కరలేదు. పాత బంధం తెగుతూ ఉండగానే ఇనుముతో ఏర్పడే కొత్త బంధాలు ఆ ఖర్చును పూడుస్తాయి. తరువాత హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా మూడు వచ్చి చేరగా, అమ్మోనియా ఉపరితలాన్ని వదిలి వెళ్తుంది, ఆ చోటు మరొక అణువు కోసం ఖాళీ అవుతుంది. ఈ మెట్లను ఓపికగా పరిశీలించి, అన్నిటిలో నెమ్మదైనది నైట్రోజన్ విడిపోయే మెట్టేనని గెర్‌హార్ట్ ఎర్టల్ చూపారు. ఉపరితల రసాయన శాస్త్రంలో చేసిన కృషికి ఆయన 2007లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ముడి విప్పడంతో వేళ్ళ పని అయిపోదు. వేళ్ళకు జిగురు ఉంటే ముడి విడుతుంది గాని దారం చేతిని వదలదు. నైట్రోజన్ విషయంలో టంగ్‌స్టన్ పరిస్థితి అది. వేళ్ళకు నూనె ఉంటే ముడి పట్టుకే చిక్కదు. ప్లాటినం సంగతి అంతే. పట్టు మరీ గట్టిగానూ మరీ వదులుగానూ ఉండకూడదన్న దీనినే సబాటియే సూత్రం అంటారు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఈ చర్యను ఆస్మియంతో సాధించారు, కాని ఆస్మియం చాలా అరుదైన లోహం. జర్మనీ రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిటాష్ బృందం వేల ప్రయోగాలు చేసి, ఇనుముకు కొద్దిపాటి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), పొటాషియం సమ్మేళనాలు తోడైతే పని జరుగుతుందని తేల్చింది. 1913లో జర్మనీలోని ఒప్పావులో అమ్మోనియా కర్మాగారం మొదలైంది. అల్యూమినా ఇనుప రేణువులను ముద్దకట్టనివ్వదు. పొటాషియం ఇనుము నుంచి నైట్రోజన్‌కు ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని పెంచుతుంది, అంటే వేళ్ళకు నేర్పునిస్తుంది. గంధకం స్వల్పంగా చేరినా ఆ వేళ్ళు కట్టుబడిపోతాయి.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది దీని తరువాతి అధ్యాయం. మాలిబ్డినం నైట్రోజన్‌ను అతిగా పట్టుకుంటుంది, కోబాల్ట్ సరిగా పట్టుకోదు. విడివిడిగా రెండూ అమ్మోనియాకు మంచి ఉత్ప్రేరకాలు కావు. బంధాల బలాన్ని ముందుగా లెక్కగట్టిన పరిశోధకులు ఆ రెంటినీ ఒకే నైట్రైడ్‌లో (నైట్రోజన్‌తో లోహాలు కలిసిన సమ్మేళనంలో) పక్కపక్కన ఉంచితే పట్టు మధ్యస్థంగా కుదురుతుందని ఊహించారు. ప్రయోగశాలలో కోబాల్ట్-మాలిబ్డినం నైట్రైడ్ నిజంగానే చురుకైన ఉత్ప్రేరకంగా పనిచేసింది.