పాట మిగిలింది, బృందం ఏమైంది? హైదరాబాద్‌లో జానపద గళాల నేపథ్యం

2021 ఫిబ్రవరి చివర్లో 'లవ్ స్టోరీ' సినిమా నుంచి 'సారంగ దరియా' అనే జానపద గీతం యూట్యూబ్‌లోకి వచ్చిన కొద్ది రోజులకే దాని చుట్టూ వివాదం రేగింది. పాడింది మంగ్లీ, గీతరచయితగా పడింది సుద్దాల అశోక్‌తేజ పేరు. ఆ పాటను సేకరించి ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాడింది తానేనని, తన ఊసే లేకుండా పాట సినిమాకెక్కిందని వరంగల్ ప్రాంత గాయని కోమలి ముందుకు వచ్చారు. పల్లవి జనానిదేనని, చరణాలు మాత్రం తాను రాసినవని రచయిత చెప్పారు. ఆమెకు తగిన గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించాక గొడవ సద్దుమణిగింది. అయితే అక్కడ తేలని ప్రశ్న ఒకటి ఆ తర్వాత కూడా వచ్చిపోతూనే ఉంది. నలుగురి నోళ్లలో తిరిగిన పాట మీద ఒక్కరి పేరు ఎలా పడుతుంది? పాటను గుంపు పాడినంత కాలం ఈ తగువుకు చోటే లేదు. గుంపు చెదిరి ఒంటరి గొంతు మిగిలాకే పేరు కోసం పోటీ మొదలైంది. కాబట్టి ఈ వివాదం నేపథ్యం తెలియాలంటే పాటల చరిత్ర కన్నా ముందు బృందాల చరిత్ర చూడాలి.

తెలుగు పల్లెల్లో కథాగానం ఏదైనా ఒక్కరితో నడిచేది తక్కువ. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం పండిస్తే మరొకరు లోకవ్యవహారం మీద చురకలు వేస్తారు. ఒగ్గుకథలోనూ ప్రధాన కథకుడి వెనుక డోలు, తాళాలతో ఒక జట్టు ఉంటుంది. ఒగ్గుకథకు సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చిన చుక్క సత్తయ్య పేరు అందరికీ తెలుసు, ఆయన వెనుక డోలు కొట్టినవారి పేర్లు కళాకారుల కుటుంబాలకే తెలుసు. ఇక్కడ వంత పాడేవారు చేసే పని చిన్నదేమీ కాదు. మైకు లేని రాత్రి పాటను చివరి వరుస దాకా మోసుకుపోయేది వారే, ప్రధాన గాయకుడు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేది వారే. పంక్తి చివరి మాటను పదేపదే అందుకోవడం వల్ల, విన్నవారికి అర్ధరాత్రి దాటేసరికి పాట నోటికి వచ్చేస్తుంది.

ఈ పాటను పట్నపు వేదిక మీదికి, గ్రామఫోన్ రికార్డుల్లోకి, రేడియోలోకి తెచ్చినవారిలో వింజమూరి అనసూయ, సీత సోదరీమణులను ముందుగా చెప్పుకోవాలి. తెలుగులో జనాదరణ పొందిన తొలి జానపద గళబృందాల్లో వారి జంట ఒకటనడం అతిశయోక్తి కాదు. హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. అదే దశాబ్దంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన పూర్తి చేశారు. అలా పాటకు రికార్డు, గ్రంథం రెండూ దొరికాయి గానీ, బృందానికి కొత్త ప్రాణం వచ్చింది మాత్రం రాజకీయాల నుంచి.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగోతాన్ని ఉద్యమ సాధనాలుగా మలిచింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సంఘం పాటలు కట్టి పాడిన సుద్దాల హనుమంతు ఆ తరం వాడే. 2021 వివాదంలో వినిపించిన గీతరచయిత ఆయన కుమారుడే కావడం గమనించదగ్గ విషయం. తండ్రి పాటలు ఊరేగింపుల్లో కలిసిపోయి, పాడేవారిలో చాలామందికి కట్టినదెవరో తెలియకుండానే తిరిగాయి. కొడుకు కాలానికి పాట పక్కన పేరు లేకుంటే బతుకే లేదు. ఈ తేడా మనుషుల స్వభావంలో వచ్చింది కాదు, పాట బతికే చోటు మారడం వల్ల వచ్చింది.

హైదరాబాద్‌కు సంబంధించినంత వరకు అసలు మలుపు 1972లో రూపుదిద్దుకున్న విప్లవ కళాబృందం జననాట్యమండలి. బి.నరసింగరావు, మిత్రులు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘం దీనికి పునాది. తూప్రాన్‌లో పుట్టి, కొంతకాలం బ్యాంకు ఉద్యోగం చేసిన గుమ్మడి విఠల్‌రావు అక్కడే గద్దర్‌గా మారారు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, నడుముకు పంచె. ఈ వేషం అప్పటికే ఊళ్లో ఉన్నదే, దాన్ని వేదిక మీద నిలబెట్టిన తీరు కొత్తది. పాట ఎత్తుకునేది ఆయన, పట్టుకునేది బృందం. ఒక పంక్తి ప్రశ్నగా వస్తే వంతగొంతులు జవాబు ఇస్తాయి, జవాబు మధ్యలో డప్పు దరువు మారుతుంది, దరువు మారగానే ఆయన మాటల్లోకి దిగి ఒక సంగతి చెప్పి మళ్లీ పల్లవి అందుకుంటారు. విప్లవ సంస్థలపై నిర్బంధం సడలిన 1990లో నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు జనం పోటెత్తడం నగర చరిత్రలో భాగమైపోయింది. అయితే ఒక మాట చెప్పక తప్పదు. వ్యక్తుల కన్నా సమష్టి గొప్పదని పాడిన ఆ బృందంలోనూ లోకానికి గుర్తున్నది ప్రధానంగా ఒక్క పేరు. మిగిలినవారిలో కొందరు తమ వాయిద్యం పేరుతో మాత్రమే గుర్తుండిపోయారు, డప్పు రమేష్ అలాంటి ఒకరు.

సినిమా, క్యాసెట్ ఈ ధోరణిని బలపరిచాయి. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి గట్టి' పాటను 1980లో విడుదలైన 'మా భూమి'లో గద్దర్ పాడి, తెర మీదా కనిపించారు. తర్వాత చాలా కాలం జనం దాన్ని గద్దర్ పాట అనే అనుకున్నారు. క్యాసెట్ల కాలం వచ్చాక అట్ట మీద ఒక ఫోటో, ఒక పేరు ఉండాల్సిన అవసరం ఏర్పడింది. జాతర్లలో, బస్టాండ్ల పక్కన అమ్ముడుపోయే సరుకుకు గుర్తు కావాలి కదా! అయినా స్టూడియోలో గుంపు ఇంకా గుంపుగానే ఉండేది. ఒకే మైకు చుట్టూ నలుగురైదుగురు నిలబడి, ప్రధాన గొంతును కాస్త ముందుకు జరిపి, కోరస్ వాళ్లు అడుగు వెనక్కి వేసి పాడేవారు. దూరమే అప్పటి మిక్సింగ్.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బృందానికి మరో ఊపు ఇచ్చింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభలు, రసమయి బాలకిషన్ వంటి కళాకారుల పూనికతో ఊరూరా తిరిగాయి. అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య వేదికల నుంచి విమలక్క, తన సొంత బాణీతో గోరటి వెంకన్న, నిరక్షరాస్యుడైనా మహాగేయం కట్టిన అందెశ్రీ, వీరంతా ఈ కాలంలో ఇంటింటి పేర్లయ్యారు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథిని స్థాపించి 550 మంది కళాకారులను జీతం మీద తీసుకుంది. బతుకుదెరువు లేని కళాకారులకు అది నిజమైన ఆసరా, కాదనలేం. కానీ పథకాల ప్రచారానికి పాడే బృందం, తాను పాడే విషయాన్ని ఎంచుకోలేని బృందం అయింది. ధూంధాంలోని వేడి దాని పాటల్లో తగ్గిందంటే తప్పు కళాకారులది కాదు.

అప్పటికే టెలివిజన్ ఇంకో దారి తెరిచింది. మా టీవీలో వచ్చిన 'రేలా రే రేలా' కార్యక్రమం మారుమూల ఊళ్ల గాయకులను హైదరాబాద్ స్టూడియో దీపాల కిందికి తెచ్చింది. అందులో పాడినవారు ఇప్పటికీ రేలారే గంగ, రేలా కుమార్ అంటూ కార్యక్రమం పేరును ఇంటిపేరులా మోస్తున్నారు. కోమలి ఆ పాట పాడింది కూడా ఈ వేదిక మీదే. పోటీ కార్యక్రమం స్వభావం ప్రకారం మార్కులు పడేది ఒక్కరికి, వెనుక కోరస్ సామాన్లలో భాగం. ఆ తర్వాత వార్తా చానళ్లు బతుకమ్మ పండుగకు ఏటేటా కొత్త పాట చిత్రీకరించడం ఆనవాయితీ చేశాయి. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చి, వీ6 చానల్లో తెలంగాణ యాసలో వ్యాఖ్యానం చెప్పిన మంగ్లీ, ఈ పండుగ పాటల మీదుగానే రాష్ట్రమంతటికీ పరిచయమయ్యారు. చుట్టూ చప్పట్లు కొట్టే ఆడవాళ్లు నిజానికి బతుకమ్మ పాటకు సగం ప్రాణం, వీడియోల్లో వారు రంగురంగుల నేపథ్యంగా మిగిలారు.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకయ్యాక అంతా యూట్యూబ్‌కు మారింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఫోక్ సాంగ్ ఎలా తయారవుతుందో చూస్తే మార్పు లోతు తెలుస్తుంది. కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లో ఏ అపార్ట్‌మెంట్ గదిలోనో ఒక స్టూడియో ఉంటుంది. కంప్యూటర్‌లో దరువు సిద్ధంగా ఉంటుంది. గాయని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుగా పల్లవి, చరణాలు పాడుతుంది. తర్వాత అదే పల్లవిని రెండోసారి, మూడోసారి, నాలుగోసారి కాస్త గొంతు మార్చి పాడుతుంది. ఆ ట్రాకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎడమ కుడి చెవులకు పంచేసరికి కోరస్ తయారు. నలుగురు మనుషుల ఖర్చు మిగిలింది. కానీ నాలుగు వేర్వేరు గొంతుల మధ్య ఉండే ఆ చిన్న ఎగుడుదిగుడు, ఒకరు అరక్షణం ముందు అందుకోవడం, ఇంకొకరు చివరి అక్షరం లాగడం, అదంతా పోయింది. ఆపైన వీడియోలో కనిపించేది గాయని కూడా కాదు. పొలం గట్టు మీద చిందేసే జంట ముఖాలే పాటకు గుర్తు, పాడినవారి పేరు వీడియో కింద వివరాల్లో వెతుక్కోవాలి. పెళ్లి బరాత్‌లో డీజే పెట్టే తీన్మార్ మిక్సులో ఆ పేరు కూడా ఉండదు.

బృందంగా నిలబడాలన్న ప్రయత్నం జరగలేదని కాదు. హైదరాబాద్‌లో కొందరు కుర్రవాళ్లు కలిసి పెట్టిన చౌరస్తా బ్యాండ్, తెలుగు పల్లె పదాన్ని రెగ్గే లయతో కలిపి సొంత పాటలు కట్టింది. సినిమా అండ లేకుండా ఒక గళబృందం పేరు తెచ్చుకోవడం తెలుగులో అరుదు, వారు దాన్ని సాధించారు. 2020లో కరోనా జాగ్రత్తలపై వారు చేసిన పాట ఇంటింటా వినిపించింది. ఆ తర్వాత ప్రధాన గాయకుడు రామ్ మిరియాల బ్యాండ్ నుంచి బయటికొచ్చి సినిమా పాటల్లో స్థిరపడ్డారు. 2022లో 'డీజే టిల్లు' పేరుపాటను స్వరపరచి పాడింది ఆయనే. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు. తెలుగులో సంగీతంతో బతకాలంటే సినిమాయే పెద్ద దిక్కు. సినిమాకు కావాల్సింది గొంతు, బ్యాండు కాదు. టికెట్టు కొని ప్రత్యక్షంగా వినే అలవాటు నగరంలో ఇప్పుడిప్పుడే పెరుగుతోంది గానీ, బ్యాండులోని ఐదారుగురికి ఏడాది పొడవునా తిండి పెట్టేంతగా పెరగలేదు.

సినిమా కూడా అప్పుడప్పుడు మూలాన్ని పిలుస్తుంది. 2021లో 'భీమ్లా నాయక్' పేరుపాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెర పట్టి దర్శనం మొగిలయ్య పాడారు, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2023లో వచ్చిన 'బలగం' ముగింపులో ఊరూరా కథలు పాడే బుడగజంగాల కులానికి చెందిన దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడిన పాటకు థియేటర్లలో జనం ఏడ్చారు. అక్కడ పనిచేసింది పాత పద్ధతే, ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవడం.

ఇక చట్టం సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద, కర్త ఎవరో తెలియని పరంపరాగత పాట మీద ఎవరికీ వ్యక్తిగత హక్కు లేదు. కొత్తగా రాసిన చరణాలకు హక్కుంటుంది, రికార్డింగ్‌కు హక్కుంటుంది, ఆ రికార్డింగ్ హక్కు సాధారణంగా నిర్మాతది లేదా చానల్‌ది. పాటను ఊళ్లో నేర్చుకుని మోసుకొచ్చిన వ్యక్తికి ఈ పట్టికలో గడి లేదు. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చింది, 2012 సవరణ వాణిజ్య వినియోగంలో వారికి రాయల్టీని, ప్రదర్శకులుగా పేరు చెప్పించుకునే హక్కును చేర్చింది. అయితే అదే 2012 సవరణ ఒక మినహాయింపు కూడా పెట్టింది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదో, ప్రాసంగికమైనదో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో సహా ఎక్కడా వారి పేరు వేయని పక్షంలో, ఒక పరిమిత హక్కు మినహా, వారిని ప్రదర్శకులుగా పరిగణించరు. స్టూడియోలో ఒక్కసారి ఇచ్చే పారితోషికం తీసుకుని వెళ్లిపోయే కోరస్ గాయకులకు ఈ వాక్యం సూటిగా తగలవచ్చు. తమ పాట ప్రాసంగికం కాదని వారు నిరూపించుకోవాలంటే, ముందుగా తాము పాడామని చెప్పే కాగితం ఒకటి చేతిలో ఉండాలి. పాట తెచ్చిన గాయనీ గాయకులు ఇప్పుడు రికార్డింగ్‌కు ముందే ఒప్పందపత్రంలో పేరు రాయించుకోవాలని అడుగుతున్నది అందుకే.