ట్యాంకు నీళ్లు ఎప్పుడు మార్చాలి? ఇంటి హైడ్రోపోనిక్స్‌లో అపోహలు - వాస్తవాలు

విజయవాడ పటమటలో మా మేడ మీద, పోషక ద్రావణం ట్యాంకు పక్కన గోడకు ఒక మేకు కొట్టి, దానికి దారంతో ఒక నోటుపుస్తకం వేలాడదీశాను. మట్టి లేకుండా ఆకుకూరలు పెంచడం మొదలుపెట్టాక నేను కొన్న పరికరాలన్నిటిలోనూ ఎక్కువ ఉపయోగపడింది ఆ పుస్తకమే. ఏ రోజున ట్యాంకులో ఎన్ని లీటర్ల నీళ్లు కలిపానన్నది తప్ప అందులో వేరే ఏమీ రాయను. నీళ్లు మార్చడం గురించి నన్ను అడిగేవారిలో కొందరు క్యాలెండరు చూసి మారుస్తామంటారు, మరికొందరు మీటరు బాగానే చూపిస్తోంది కనుక మార్చడం లేదంటారు. పోసిన నీళ్ల లెక్క చెప్పేవారు మాత్రం అరుదు. ఇక్కడా, గుంటూరులోనూ మిద్దె తోటలవారి దగ్గర తరచుగా వినే మాటలను తీసుకుని, ఏది ఎంతవరకు నిజమో రాస్తున్నాను.

అపోహ: ఈసీ మీటరు సరైన అంకె చూపిస్తున్నంత కాలం నీళ్లు మార్చనక్కరలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు ఆ నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలుస్తుంది. దానినిబట్టి కరిగిన లవణాలు మొత్తం మీద ఎన్ని ఉన్నాయో అంచనా వేయవచ్చు గానీ, ఏ లవణం ఎంత ఉందో తెలుసుకోలేము. పొటాషియం అయినా, వంటింటి ఉప్పులోని సోడియం అయినా దానికి ఒకటే. మొక్క మాత్రం ఏరుకుని తింటుంది. నైట్రేటు, ఫాస్ఫేటు, పొటాషియం త్వరగా లాగేసుకుంటుంది. కాల్షియం, సల్ఫేటు నెమ్మదిగా తీసుకుంటుంది. సోడియం, క్లోరైడు చాలావరకు వదిలేస్తుంది. అందువల్ల మొదటి రోజు 1.2 చూపిన ద్రావణం, ఇరవై అయిదో రోజు అదే 1.2 చూపినా, అందులో తిండి తగ్గి ఉప్పు పెరిగి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 60 లీటర్ల ట్యాంకులోని ద్రావణాన్ని పంపు పైపుల్లోని నలభై మొక్కల వేళ్లకు తిప్పే చిన్న అమరికలో ఏప్రిల్ ఎండలకు రోజుకు 5 లీటర్ల నీళ్లు తరుగుతున్నాయనుకుందాం. మీరు కలిపే నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలుంటే, రోజుకు 2 గ్రాముల చొప్పున పన్నెండు రోజుల్లో 24 గ్రాములు ట్యాంకులోకి చేరతాయి. అందులో కాల్షియం, మెగ్నీషియం కొంత మొక్కకు పనికొస్తాయి. మిగిలినది అక్కడే పోగవుతుంది. తాగునీటికి మన భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదిస్తుంది కనుక ఆ నీళ్లు మంచినీళ్లే, సందేహం లేదు. కాకపోతే మనం తాగిన నీటిలోని ఉప్పు చెమటగానో మూత్రంగానో బయటికి పోతుంది, ట్యాంకులో చేరిన ఉప్పుకు మనం తోడి పోస్తే తప్ప వేరే దారి లేదు.

అందుకే ఆ నోటుపుస్తకం. మొదటిసారి నింపిన తరువాత పైనుంచి కలిపిన నీళ్ల మొత్తం ట్యాంకు పరిమాణానికి సమానమైన రోజున నేను నీళ్లు మారుస్తాను. బోరు నీళ్లలో లవణాలు లీటరుకు 800 మిల్లీగ్రాములు దాటే ఇళ్లలో అందులో సగానికే మార్చమని చెబుతాను. వాననీళ్లు, ఆర్‌ఓ నీళ్లు వాడేవారు అంతకు రెట్టింపు వరకు ఆగవచ్చు. ఇది చేతి అనుభవంతో ఏర్పడిన కొలత, శాసనం కాదు.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. చాలామంది పాలకూర చూసి నీళ్లు బాగున్నాయని నిర్ధారించుకుంటారు. మన పాలకూర బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టం; ఉప్పుకు బాగా ఓర్చుకుంటుంది. అదే పైపులో ఉన్న లెట్యూస్ లేత ఆకుల అంచులు అప్పటికే గోధుమరంగుకు తిరిగి, కాల్చిన అప్పడం అంచులా ముడుచుకుని ఉంటాయి. చూడవలసింది లెట్యూస్‌ను.

అపోహ: వారానికొకసారి మొత్తం నీళ్లు పారబోయవలసిందే.

పది లీటర్ల బకెట్టులో నాలుగు పెద్ద మొక్కలుంటే ఇది సరైన మాటే. నూరు లీటర్ల ట్యాంకులో రెండాకుల నారు వేసి, ఏడో రోజున ఆ నీళ్లన్నీ తోడిపోస్తే మాత్రం కొన్న పోషకాలను డబ్బుతో సహా తూములో పోసినట్టే. నీళ్లు ఎంత ఉన్నాయి, మొక్కలు ఎంత తాగుతున్నాయి అన్నవాటిని చూడాలి గానీ వారం పేరును చూడకూడదు.

సగం మారిస్తే సగం ఉప్పు అలాగే ఉంటుంది కాబట్టి లాభం లేదనే మాట కూడా దీని వెంటే వినిపిస్తుంది. వారానికి 10 గ్రాముల అక్కరలేని ఉప్పు చేరుతోందనుకోండి. వారాంతంలో సగం తోడితే 5 మిగులుతుంది. తరువాతి వారాంతానికి 15 అయి, తోడాక 7.5 మిగులుతుంది, ఆపై 17.5 అవుతుంది. ఇలా ఎన్ని వారాలు గడిచినా అది 20 దాటదు. బరువైన ట్యాంకును ఒంటిచేత్తో ఖాళీ చేయలేని పెద్దవారికి నేను ఈ సగం పద్ధతినే సూచిస్తాను.

అపోహ: నీళ్లు ఏ వేళ మార్చినా ఒకటే.

ఈ పాఠానికి నేను ముప్పై లెట్యూస్ మొక్కలు మూల్యం చెల్లించాను. ఒక మే నెలలో, రోహిణి కార్తె రోజుల్లో, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తీరిక దొరికిందని ట్యాంకు ఖాళీ చేసి, మేడ మీది నల్ల ట్యాంకు కుళాయి నుంచి నేరుగా నింపాను. గొట్టం పట్టుకున్న చేతికి చురుక్కుమన్నా, ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాను. ఈసీ 1.1, పీహెచ్ (ఆమ్లత కొలత) 6.0, వంక పెట్టలేని అంకెలు. సాయంత్రానికి ఆకులన్నీ తడిగుడ్డలా వాలిపోయాయి. నాలుగో రోజున ఒక నెట్ పాట్ (మొక్కను నిలిపే జల్లెడ గిన్నె) పైకి తీసి చూస్తే, తెల్లగా ఉండవలసిన వేళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరిగి, చేతివేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క జిగటగా ఊడివచ్చి లోపల దారం లాంటి ఈనె మాత్రం మిగిలింది.

కారణం కఠినమైనదేమీ కాదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల నీటిలో 7కు మించదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వేళ్లకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. బలహీనపడిన వేళ్ల మీద పిథియం అనే వేరుకుళ్లు తెగులు వచ్చి పడుతుంది. అప్పటినుంచి రాత్రే ఒక డ్రమ్ములో నీళ్లు పట్టి నీడలో ఉంచి, తెల్లవారుజామున, ఎండ పొడ తగలకముందే మారుస్తున్నాను. కృష్ణ నుంచి వచ్చే మున్సిపాలిటీ నీటిలోని క్లోరిన్ కూడా ఆ రాత్రి మూత తీసి ఉంచితే చాలావరకు పోతుంది.

అపోహ: ట్యాంకు ఖాళీ అయితే నీళ్లు మార్చినట్టే.

పైపుల్లో నిలిచినదీ, ఎల్బోల్లో పేరుకున్నదీ పాత నీళ్లే. ముందుగా పంపు ప్లగ్గు తీసేయాలి. నీళ్లు లేకుండా తిరిగిన చిన్న మునుగుడు పంపు కొద్దిసేపటికే కాలిపోవచ్చు. తరువాత గొట్టం నిండా నీళ్లు నింపి, ఒక కొన ట్యాంకులో, రెండో కొన అంతకన్నా కింద ఉంచిన బకెట్టులో వేస్తే నీరు దానంతట అదే దిగుతుంది. నోటితో పీల్చకండి. ట్యాంకు ఖాళీ అయ్యాక పైపు ఎగువ కొనను రెండంగుళాలు ఎత్తితే నిలవనీరు కిందికి జారుతుంది. చివరి ఎండ్ క్యాపు ఊడదీసి వేలు పెట్టి చూడండి: ఒక చెంచాడు నల్లటి జిగురు, అందులో తెగిన వేళ్లు తగులుతాయి. అది అలాగే ఉంటే కొత్త ద్రావణం పాతదానితో కలిసే మొదలవుతుంది. పైపులు ఖాళీగా ఉన్న సమయంలో వేళ్లు గాలిలో ఆరిపోతాయి కనుక ఈ పనంతా ఇరవై నిమిషాల్లో ముగిసేలా కొత్త నీళ్లు పక్కనే సిద్ధంగా ఉంచుకోవాలి.

పోషకాలు 'ఏ', 'బీ' అని రెండు సీసాల గాఢ ద్రావణాలుగా వస్తాయి. నింపేటప్పుడు నీళ్లు ముందు, 'ఏ' సీసాలోది తరువాత, బాగా కలిపాక 'బీ' సీసాలోది. రెండు గాఢ ద్రావణాలను ఒకే మగ్గులో కలిపితే కాల్షియం, సల్ఫేటు, ఫాస్ఫేటు కలిసి తెల్లటి పొడిగా అడుగుకు చేరతాయి, మొక్కకు అందవు.

అపోహ: ఆర్‌ఓ నీళ్లు తప్ప వేరేవి పనికిరావు.

లెట్యూస్, స్ట్రాబెర్రీ వంటి సున్నితమైనవాటికి అవి మేలే గానీ, తోటకూర, గోంగూర, పుదీనాకు కుళాయి నీళ్లు చాలు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని వాటిని ట్యాంకులో పోయడం మాత్రం వద్దు. వడపోతలో విడిపోయిన ఉప్పంతా చిక్కబడి ఉండేది వాటిలోనే. గచ్చు కడగడానికి వాడుకోండి.

అపోహ: హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే నీళ్లు మార్చిన ఫలితమే వస్తుంది.

అది కొంత తెగులును చంపి, నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. పోగైన సోడియం ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. పంటకూ పంటకూ మధ్య ఖాళీ ట్యాంకును బ్లీచింగ్ ద్రావణంతో కడగడం మంచిదే. ఆ పూట పీహెచ్ తగ్గించే యాసిడ్ సీసాను మాత్రం దూరంగా పెట్టండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

అపోహ: పంపు లేని డబ్బా పద్ధతిలో నీళ్లు తగ్గగానే మూతదాకా నింపాలి.

హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో పిలిచే ఈ పద్ధతిలో నీళ్లు తగ్గడమే ఉద్దేశం. నీరు దిగినకొద్దీ ఖాళీ అయిన చోట గాలి పీల్చే వేళ్లు పుడతాయి. మళ్లీ మూతదాకా నింపితే అవి ఊపిరాడక చస్తాయి.

అపోహ: తీసిన నీళ్లు విషం, కాలువలో కలపడమే మేలు.

విషం కాదు, పలచని ఎరువు. అసలు చిక్కు కూడా అదే. మన ఊరి మీదుగా పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో గుర్రపుడెక్క ఎంత బలంగా పెరుగుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం. దానికి నైట్రేటు, ఫాస్ఫేటు మనం పంపవలసిన పనిలేదు. నేను పాత ద్రావణంలో అంతే నీరు కలిపి బంతి, మందారం, అరటి కుండీలకు వంతులవారీగా పోస్తాను. ఒకే కుండీకి ప్రతిసారీ పోస్తే ట్యాంకులో తప్పించిన ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. చిక్కుడు ఉప్పుకు అసలు ఓర్వదు, దానికి పోయను. వేళ్లు కుళ్లి వాసన వేసిన నీళ్లయితే ఏ కుండీకీ పోయకుండా కిందికి మోసుకెళ్లి పెరట్లో కొబ్బరిచెట్టు పాదులో పోస్తాను.