కోత ఒకటే, చెప్పిన తీరు వేరు

నేను పనిచేసిన ఒక ఆఫీసులో శుక్రవారం సాయంత్రం బదిలీల లిస్టు గోడకి అంటించి వెళ్లిపోయారు. మా సీనియర్ ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ తన పేరు రెండుసార్లు చదువుకున్నారు. "ఎక్కడికి వెయ్యమన్నా వెళ్లేవాణ్ణి. ముందు ఒక్క మాట అడిగుంటే బాగుండేది" అన్నారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ బాధ ఎంతవరకూ వెళ్తుందో అమెరికాలో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు లెక్కగట్టి చూపించారు. 1990లో వచ్చిన అధ్యయనం అది. కాంట్రాక్టులు చేజారిన ఒక కంపెనీ, తన రెండు ఫ్యాక్టరీల్లో పది వారాల పాటు 15 శాతం జీతం కోసింది. ఒకచోట ప్రెసిడెంటే వచ్చి గంటన్నర సేపు మాట్లాడారు. చార్టులు పెట్టి పరిస్థితి వివరించారు, ఇలా చెయ్యాల్సి వచ్చినందుకు బాధపడ్డారు, అడిగినవాటికి జవాబులిచ్చారు. రెండోచోట పావుగంటలో కబురు చెప్పేసి మీటింగ్ ముగించారు.

ఆ ఫ్యాక్టరీల్లో దొంగతనాల వల్ల లెక్కకు రాకుండా మాయమయ్యే సరుకు మామూలుగా దాదాపు 3 శాతం. రెండో ఫ్యాక్టరీలో అది 8 శాతం దాటింది. దాదాపు 23 శాతం మంది ఉద్యోగమే మానేశారు. మొదటిచోట కూడా దొంగతనాలు కొంత పెరిగాయి. జీతం తగ్గితే ఇల్లు గడవడం కష్టమేగా, మంచిమాట ఆ లోటు పూడ్చదు. కానీ ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్లు దాదాపు లేరు.

థిబో, వాకర్ అనే ఇద్దరు 1970ల్లోనే కోర్టు తగాదాల మీద పరిశోధన చేసి ఇలాంటి సంగతే గమనించారు. తన వాదన పూర్తిగా చెప్పుకోనిస్తే, తీర్పు ఎదురుతిరిగినా మనిషి దాన్ని న్యాయమనే ఒప్పుకుంటాడు. ఆఫీసుల్లో తర్వాత జరిగిన పరిశోధనల్లో ఇంకోటి బయటపడింది. ప్రమోషన్ వచ్చినవాళ్లు పద్ధతి గురించి పెద్దగా పట్టించుకోరు. రానివాళ్లే ఎవరు నిర్ణయించారు, ఏ లెక్కన, అందరికీ అదే లెక్కా అని తరచి చూస్తారు. అందుకే చేదు కబురు చెప్పాల్సిన రోజున మేనేజరు మెయిల్ పంపి ఊరుకోకూడదు, ఎదురుగా కూర్చోవాలి. అలాగని ముందే ఖాయం చేసేసి, అభిప్రాయం చెప్పమని పిలిచే మీటింగ్ మాత్రం వద్దు. అది నాటకమని తెలిసిన మనిషికి అడగనప్పటికంటే ఎక్కువ మండుతుంది.

గ్రీన్‌బర్గే 2006లో నర్సుల మీద మరో అధ్యయనం ప్రచురించారు. జీతం లెక్క మారి ఆదాయం తగ్గిన నర్సులకు నిద్ర పట్టడం మానేసింది. కొన్ని ఆసుపత్రుల్లో వాళ్ల సూపర్‌వైజర్లకు మర్యాదగా మాట్లాడటం, కారణాలు వివరించడం నేర్పించారు. జీతాలు పెరగలేదు. అయినా అక్కడి నర్సులకు నిద్రలేమి తగ్గింది, ఆరు నెలల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది.