ప్రైవేట్ స్కూల్ పిల్లలు, పబ్లిక్ స్కూల్ టీమ్‌లు: టెక్సస్ తెలుగు తల్లిదండ్రుల అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక ప్రైవేట్ హైస్కూల్లో టెన్నిస్ కోచ్‌గా పనిచేస్తున్నాను. పిల్లల అర్హత కాగితాలు చూసే పని కూడా నాదే. ఆగస్టు వస్తే చాలు, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌ల నుంచి మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. చాలామంది స్కూల్ మార్చేశాక చేస్తారు. అప్పటికి నేను చేయగలిగింది తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం కాబట్టి, మా అబ్బాయి ప్రైవేట్‌లో చదువుతున్నా ఇంటి పక్క పబ్లిక్ స్కూల్ టీమ్‌లో ఆడొచ్చు.

టెక్సస్‌లో కుదరదు. ఆ స్కూల్ జోన్‌లో, అంటే దాని పరిధిలో, ఉంటున్నందుకు అందులో చేరే హక్కు వస్తుంది. చేరకుండా టీమ్‌లో చోటు రాదు. ఇక్కడ పబ్లిక్ స్కూళ్ల పోటీలు నడిపేది యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, అందరూ యూఐఎల్ అంటారు. ప్రైవేట్ స్కూళ్లలో చాలావరకు 1978లో మొదలైన ట్యాప్స్ అనే ప్రైవేట్ స్కూళ్ల సంఘంలో ఉంటాయి, కొన్ని ఎస్‌పీసీ అనే మరో లీగ్‌లో ఆడతాయి. డాలస్ జెస్యూట్, హ్యూస్టన్‌లోని స్ట్రేక్ జెస్యూట్ ప్రైవేట్ అయినా 2003 నుంచి యూఐఎల్‌లో ఉన్నాయి. వాటిని చూసి అన్ని ప్రైవేట్ స్కూళ్లూ అంతే అనుకోకండి.

కోర్టుకు వెళ్తామనే తండ్రులూ ఉన్నారు. స్కూల్ టీమ్‌లో ఆడటం రాజ్యాంగం కాపాడే హక్కు కాదని టెక్సస్ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అది మార్కుల నిబంధన మీద వచ్చిన కేసు. అయినా ఇలాంటి వాదన వచ్చినప్పుడల్లా ఆ తీర్పే గుర్తుచేస్తారు.

నా మటుకు నాకు ఒహాయో పద్ధతి నచ్చుతుంది. అక్కడి 2013 చట్టం ప్రకారం, తమ ప్రైవేట్ స్కూల్లో ఆ ఆట లేకపోతే పిల్లలు తమ ఇల్లున్న స్కూల్ డిస్ట్రిక్ట్ (పబ్లిక్ స్కూళ్లు నడిపే స్థానిక సంస్థ) టీమ్‌లో ఆడొచ్చు. స్విమ్మింగ్ పూల్ లేని చిన్న స్కూల్లో చదివే పిల్లకు అది న్యాయం.

అపోహ: అమెరికా అంతా ఒకటే రూల్.

కాదు. ఆట నియమాలు రాసేది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సమాఖ్య. ఎవరు ఆడొచ్చో తేల్చేది రాష్ట్రాల సంఘాలు. కాలిఫోర్నియాలో పబ్లిక్, ప్రైవేట్ స్కూళ్లు రెండూ ఒకే సంఘంలో ఉంటాయి. వర్జీనియాలో వేర్వేరు సంఘాలు. న్యూజెర్సీలో ఉండే అక్క చెప్పిందని ఇక్కడ అడ్మిషన్ మార్చుకోకండి.

అపోహ: హోమ్‌స్కూల్ పిల్లల్ని ఆడనిస్తున్నారు కదా, అదే దారిలో మేమూ వెళ్తాం.

టెక్సస్ 2021లో చేసిన చట్టం ఇంట్లో తల్లిదండ్రుల దగ్గర చదివే పిల్లల కోసం. అది కూడా స్కూల్ డిస్ట్రిక్ట్ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. ఫీజు కట్టి ప్రైవేట్ స్కూల్‌కు వెళ్లే పిల్లలకు అది వర్తించదు.

అపోహ: ఇల్లు మారితే చాలు, కొత్త స్కూల్లో వెంటనే వర్సిటీ (స్కూల్ ప్రధాన టీమ్) ఆడొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాత స్కూల్ టీమ్‌లో ఆడిన పిల్లలు యూఐఎల్ స్కూల్‌కు మారితే ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫామ్ (ఇంతకుముందు ఎక్కడ ఆడారో చెప్పే పత్రం) నింపాలి. మీ ఇల్లు ఆ స్కూల్ జోన్‌లో ఉండాలి. దాంతో పాటు, ఆట కోసం మారలేదని కూడా తేలాలి. పాత స్కూల్‌ను కూడా అడుగుతారు. మా దగ్గర్నుంచి వెళ్లే పిల్లల ఫామ్‌లో పాత స్కూల్ భాగం నేనే నింపుతాను, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఒక అమ్మాయి పదకొండో గ్రేడ్‌లో మారింది. బ్యాక్‌హ్యాండ్ చక్కగా ఆడేది. వాళ్లు నిజంగానే ఇల్లు అమ్మి జోన్‌లో కొత్తది కొన్నారు. కానీ తండ్రి అంతకుముందే కొత్త కోచ్‌కు ఈమెయిల్ పెట్టారు: "మా అమ్మాయికి మీ కోచింగ్ కావాలి, అందుకే వస్తున్నాం." అర్హత తేల్చే యూఐఎల్ డిస్ట్రిక్ట్ కమిటీ ముందుకు ఆ ఒక్క వాక్యం వచ్చింది. ఏడాది పాటు వర్సిటీ లేదు. కాలేజీ కోచ్‌లు గమనించే ఏడాది ఆ పిల్ల జూనియర్ వర్సిటీలో, అంటే రెండో టీమ్‌లో, ఆడింది. ఆయన మోసం చేయలేదు, రూల్ తెలియదంతే. ఆ సాయంత్రం వాళ్లింటి డైనింగ్ టేబుల్ దగ్గర ఆ మెయిల్ ప్రింట్ పట్టుకుని ఆయన కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

తొమ్మిదో గ్రేడ్‌లో మొదటిసారి చేరేటప్పుడు మారితే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. మార్చాలనుకుంటే అప్పుడే మార్చండి.

అపోహ: ప్రైవేట్ స్కూళ్లు ఆట చూసి ఫీజు తగ్గిస్తాయి.

ట్యాప్స్ నిబంధనలు దానికి ఒప్పుకోవు. సాయం కుటుంబ అవసరాన్ని బట్టే ఉండాలి. పిల్లల్ని ఆట కోసం లాక్కోవడం ఎంత సీరియస్ విషయమంటే, టెనసీలో బ్రెంట్‌వుడ్ అకాడమీ కోచ్ 1997లో ఎనిమిదో తరగతి పిల్లలకు రాసిన ఒక ఉత్తరం మీద ఆ స్కూల్‌కూ రాష్ట్ర స్కూల్ క్రీడా సంఘానికీ మధ్య గొడవ రెండుసార్లు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో సంఘమే గెలిచింది.

అపోహ: యూఐఎల్ అంటే ఆటలే.

1910లో అది మొదలైందే డిబేట్ లీగ్‌గా. స్పెల్లింగ్, మ్యాథ్, సైన్స్, మ్యూజిక్ పోటీలూ ఉన్నాయి. ప్రైవేట్ పిల్లలకు అవన్నీ ట్యాప్స్‌లో వేరుగా జరుగుతాయి. క్రికెట్ మాత్రం యూఐఎల్ ఆటల్లో లేదు.

అపోహ: వీసా మీద ఉన్న పిల్లల్ని ఆడనివ్వరు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద తల్లిదండ్రులతో జోన్‌లో ఉండే పిల్లలకు వీసా అడ్డం కాదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వేరు: పబ్లిక్ హైస్కూల్లో 12 నెలలకు మించి చదవకూడదు, పూర్తి ఖర్చు కట్టాలి. ప్రైవేట్‌లో ఆ పరిమితి లేదు.

ఇండియాలో తొమ్మిది చదివి వచ్చి ఇక్కడ మళ్లీ నైన్త్‌లో చేరే పిల్లల విషయం కౌన్సెలర్‌తో పాటు అథ్లెటిక్ ఆఫీసుకూ చెప్పండి. మొదటిసారి తొమ్మిదిలో చేరినప్పటి నుంచి వరుసగా నాలుగేళ్లే అర్హత. సెప్టెంబరు 1 నాటికి 19 నిండకూడదు.

అమ్మానాన్న గుంటూరులో, పిల్లాడు ఇక్కడ బాబాయి ఇంట్లో ఉంటే అది ఇంకో చిక్కు. యూఐఎల్ లెక్కలో తల్లిదండ్రుల ఇల్లే పిల్లాడి ఇల్లు. వేవర్‌కు, అంటే నిబంధన నుంచి మినహాయింపుకు, సీజన్ మొదలవక ముందే అప్లై చేయండి. జవాబు వచ్చేదాకా జూనియర్ వర్సిటీలో ఆడించమని కోచ్‌ని అడగండి.