డీటీపీ షాపుల్లో ఇంకా పేజ్‌మేకరే ఎందుకుంది

నెల్లూరు ట్రంక్ రోడ్డులో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డు సైడ్ గానీ ఏదో ఒక డీటీపీ షాపులోకి వెళ్ళి చూడండి, శుభలేఖలు, గుడి కరపత్రాలు ఇంకా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అనూ అనే తెలుగు ఫాంట్లతో కొడుతూ కనపడతారు. ఆ ఫైలు ఇంటికి తెచ్చుకుని టెక్స్ట్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఫ్రెంచి అక్షరాలు కలిసిన గోల వస్తుంది. మన టెక్ బ్యాచ్ వెంటనే వీళ్ళు మారరురా బాబూ అనేస్తారు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది, వాళ్ళు ఆ దారి పట్టిన రోజుల్లో ఇంకో దారి ఉంటే కదా.

కంప్యూటర్లో తెలుగుని పద్ధతిగా దాచాలన్న ఆలోచన పాతదే. 80ల్లో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్‌కి చేరిన జిస్ట్ అనే భారతీయ భాషల పని ఉంది, 1991లో మన లిపులకి నంబర్లిచ్చే ఇస్కీ పట్టిక భారత ప్రమాణం అయింది, అదే ఏడాది ప్రపంచ లిపులకి నంబర్లిచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగుకి 128 గళ్ళు ఇచ్చారు. అంటే అక్షరాలకి నంబర్లు అప్పటికే ఉన్నాయి. కానీ నంబరుంటే సరిపోదు, స్త్రీ అని ఒక్క అక్షరం రాస్తే లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు ముక్కలుంటాయి, వాటిని కలిపి గుడి పైన, వత్తులు కింద గీసే ఇంజిన్ సిస్టంలో ఉండాలి. విండోస్ 2000లో అది హిందీకి, తమిళానికి ఉంది, మనకి లేదు. మనకి 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అప్పుడు కూడా రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్ పెడితే విండోస్ సీడీ పెట్టమని అడిగేది. ఆ సీడీ ఏ షాపులో ఉంటుంది చెప్పండి, సిస్టం అసెంబుల్ చేసినోడు పట్టుకుపోయుంటాడు.

ఈ పదేళ్ళూ పెళ్ళిళ్ళు ఆగవు కదా. అందుకని ఫాంట్లు చేసేవాళ్ళు అడ్డదారి తొక్కారు. ఫాంటులో ఉండే 256 గళ్ళలో ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు, తలకట్టు ఒకచోట, వత్తు ఇంకోచోట, కొమ్ము మరోచోట. పేజ్‌మేకర్‌కి అది ఉత్త ఇంగ్లీషు, కంటికి మాత్రం తెలుగు. పైగా ముక్కలు కంటికి కనపడే వరసలో ఉంటాయి, పలికే వరసలో కాదు, ఏ ఫాంటు కంపెనీ లెక్క దానిదే. పాత సావనీర్లు యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు తప్పులు దొర్లేది ఇక్కడే.

సరే, ఎక్స్‌పీ వచ్చాక మారొచ్చుగా అంటారు. పేజ్‌మేకర్ 7 కూడా 2001లోనే వచ్చింది, దానికి యూనికోడ్ తెలీదు, 2004లో దాని కంపెనీ అడోబీ దాన్ని అంతటితో ఆపేసింది. దాని బదులు తెచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగ్గా కూర్చున్నది 2012లో సీఎస్6 వెర్షన్‌తో. అప్పటికి ఆపరేటర్ల వేళ్ళు అనూలో ఉండే ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌కి అలవాటు పడిపోయాయి, విండోస్ ఇచ్చే తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్‌లో అక్షరాల చోట్లే వేరు, మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటూ కూర్చుంటే రోజుకి నాలుగు కార్డులు కొట్టే మనిషి ఒక్కటి కొడతాడు. ఫాంట్ల సంగతి ఇంకా ఘోరం. చాలాకాలం యూనికోడ్‌లో గౌతమి, పోతన, వేమన తప్ప చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు, ఫ్లెక్సీ మీద పేరు లావుగా సోకుగా కనపడాలనే కస్టమర్‌కి గౌతమి చూపిస్తే లేచి పక్క షాపుకి పోతాడు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లు గూగుల్‌లో దొరకటం ఆ తర్వాతి ముచ్చట.

ఇప్పుడు కథ తిరగబడింది. రొట్టెల పండగ ముందు నెల్లూరు ఫ్లెక్సీ షాపుల్లో చూడండి, కస్టమర్ ఫోన్లో యూనికోడ్‌లో టైప్ చేసి వాట్సాప్ కొడతాడు, ఆపరేటర్ దాన్ని కన్వర్టర్‌లో వేసి అనూలోకి దింపి ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తాడు. యూనికోడ్‌లో కంటికి కనపడని అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అని ఒకటుంటుంది, మధ్యలో అది రాలిపోతే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అవుతుంది, అదే ఫ్లెక్సీ ఎక్కేస్తుంది.