బొమ్మ వేసినాయనకు ఎంత?

పిల్లలూ,

2022 నవంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ అనే వేలం సంస్థ వాళ్లు పాల్ అలెన్ సేకరించిన చిత్రాల్ని, అదే, బొమ్మల్ని వేలం వేశారు. మైక్రోసాఫ్ట్ పెట్టిన ఇద్దరిలో ఈయనొకరు, 2018లో పోయారు. మొత్తం 160 కోట్ల డాలర్లు దాటింది. జార్జ్ సూరా వేసిన ఒక్క చిన్న బొమ్మకే 14.9 కోట్లు! డబ్బంతా దానధర్మాలకు. "మరి బొమ్మ వేసినాయనకు ఎంత?" అని కదా మీ ప్రశ్న. సూరా 1891లోనే, 31 ఏళ్లకే పోయాడు. బతికున్నా పైసా వచ్చేది కాదు.

వేలానికి ముందే అమ్మేవాళ్లతో ఒక కనీస ధర అనుకుంటారు, దాన్ని బయటికి చెప్పరు. పాట అక్కడిదాకా రాకపోతే బొమ్మ అమ్మరు. పాట ముగిసి సుత్తి పడ్డాక, కొన్నవాళ్లు పాడిన ధర మీద వేలం సంస్థకు కమిషన్ కూడా కట్టాలి. ఇన్ని లెక్కల్లో చిత్రకారుడి పేరు ఎక్కడా రాదు.

1973లో న్యూయార్క్‌లోనే టాక్సీల యజమాని రాబర్ట్ స్కల్ తను కొని దాచిన బొమ్మలు వేలంలో అమ్మేశాడు. 1958లో 900 డాలర్లకు కొన్న, చిత్రకారుడు రాషెన్‌బర్గ్ వేసిన బొమ్మ 85,000కు పోయింది. రాషెన్‌బర్గ్ అక్కడే ఉన్నాడు. ఒళ్లు మండి, అందరూ చూస్తుండగానే స్కల్‌ని ఒక్క తోపు తోశాడు. నీ కొత్త బొమ్మలకూ ధర పెరుగుతుందిగా అన్నాడు స్కల్. అందులో నిజం లేకపోలేదు. అయినా నా ఓటు తోసినాయనకే.

వాటా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 1904లో పారిస్‌లో ఆంద్రే లెవెల్, ఆయన మిత్రులు 'ఎలుగుబంటి చర్మం' అని సంఘం పెట్టుకున్నారు. పేరు చూసి నవ్వకండి, పని మాత్రం పక్కా. ఏటా తలా 250 ఫ్రాంకులు వేసుకుని, అప్పటికి పెద్దగా పేరులేని పికాసో, మతీస్‌ల బొమ్మలు కొని, తలా కొన్ని ఇళ్లలో తగిలించుకున్నారు. 1914 మార్చి 2న అన్నీ వేలానికి పెట్టారు. 1908లో 1,000 ఫ్రాంకులకు కొన్న పికాసో సర్కస్ వాళ్ల బొమ్మ పదకొండు రెట్లకు పైగా పలికింది. లాభంలో 20 శాతం చిత్రకారులకు పంచారు. అలా పంచమని వాళ్లనెవరూ అడగలేదు!

1920లో ఫ్రాన్స్ ఏకంగా చట్టమే తెచ్చింది: బొమ్మ మళ్లీ వేలానికి వస్తే వేసినవాళ్లకో, వారసులకో కొంత వాటా ఇవ్వాలి. అమెరికాలో కాలిఫోర్నియా 1976లో ఇలాంటిదే చేసింది కానీ, కోర్టులు దాన్ని చాలావరకు కొట్టేశాయి. దేశమంతటికీ వర్తించే చట్టం అక్కడ ఇంకా రాలేదు.

ఉంటాను,
మీ తాతయ్య