బ్లూ టిక్కులు, పుట్టింటి ఫోన్లు, పాస్‌వర్డ్ గొడవలు: ఇంట్లో ఫోన్ గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తుంటాను. భార్యాభర్తలు, అత్తాకోడళ్ళు, తండ్రీకొడుకులు, ఎవరొచ్చినా కూర్చున్న కాసేపట్లోనే ఫోన్ ప్రస్తావన వచ్చేస్తుంది. "అంతా ఆ ఫోన్ వల్లే మేడం" అని ఒకరు, "నా ఫోన్ జోలికి రావద్దని చెప్పండి" అని ఇంకొకరు. వినగా వినగా కొన్ని నమ్మకాలు అందరి నోటా అవే వస్తున్నాయి, అందులో కొన్ని సగం నిజం, కొన్ని అసలు నిజమే కాదు, అందుకే రాస్తున్నా. ఉదాహరణల్లో మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, ఇద్దరు ముగ్గురి కథలు కలిపేశాను కూడా.

అపోహ: ఫోన్లు రాకముందు కాపురాలు చల్లగా ఉండేవి.

వాస్తవం: వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద 498ఏ సెక్షన్ 1983లో, ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో. అప్పుడు ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందండీ? అప్పట్లో కోడలు పుట్టింటికి రాసే ఇన్‌లాండ్ లెటర్ కూడా చాలా ఇళ్ళల్లో మామగారు చదివాకే పోస్ట్ అయ్యేది, ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాలంటే పక్కన మరిది తోడు వచ్చేవాడు, గొడవలు బయటికి రాలేదంటే కారణం అదీ. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ అమ్మాయి చేతికే ఫోన్ వచ్చింది, లోపలున్నది బయటికి వినపడుతోంది. ఫోన్ తెచ్చిన కొత్త తలనొప్పులు లేవని కాదు, ఉన్నాయి, బోలెడు. కాకపోతే జనం అనుకునే చోట కాదు.

అపోహ: ఆన్‌లైన్‌లో ఉండి రిప్లై ఇవ్వలేదంటే కావాలని చేస్తున్నట్టే.

వాస్తవం: నా దగ్గరికొచ్చే పెళ్ళైన కొత్త జంటల్లో ఈ గొడవ లేనివాళ్ళు తక్కువ. ముందు ఆ గుర్తులకి అసలు అర్థమేంటో చూద్దాం. బూడిద రంగు టిక్ ఒకటే ఉంటే మెసేజ్ ఇక్కడినుంచి వెళ్ళింది అంతే, అవతలి ఫోన్‌కి ఇంకా చేరలేదు. రెండు టిక్కులంటే ఫోన్‌కి చేరింది, మనిషికి కాదు. బ్లూ టిక్ అంటే ఆ చాట్ తెరుచుకుంది (ఇది 2014 నవంబర్‌లో వచ్చింది, అంతకుముందు ఈ బాధ లేదు). "ఆన్‌లైన్" అంటే ఆ సమయానికి వాట్సాప్ ముందు తెరిచి ఉంది, మీ మెసేజ్ చూస్తున్నారని కాదు. ఆఫీసులో టీమ్ గ్రూప్‌లో ఏదో ఫైల్ కోసం వెతుకుతున్నా ఆన్‌లైనే చూపిస్తుంది. పైగా పైన వచ్చే నోటిఫికేషన్‌లోనే మెసేజ్ మొత్తం చదివేసినా బ్లూ పడదు, అంటే చదివినవాడు చదవనట్టు కనిపిస్తాడు, చేయి తగిలి చాట్ తెరుచుకున్నవాడు చదివి వదిలేసినట్టు కనిపిస్తాడు.

ఒకమ్మాయి ఉంది, భర్తకి మధ్యాహ్నం "తిన్నారా" అని పెట్టింది, బ్లూ పడింది, రిప్లై లేదు. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ చూస్తే ఆన్‌లైన్. గంట తర్వాత లాస్ట్ సీన్ మారింది. సాయంత్రం దాకా ఇదే డ్యూటీ. ఆయన ఇంటికొచ్చేసరికి ఈమె మనసులో ఒక కథ మొత్తం తయారైపోయింది, అందులో ఆఫీసులో పనిచేసే ఇంకో అమ్మాయి కూడా వచ్చి చేరింది. ఆయన్ని అడిగితే "తిన్నానని చెప్పడానికి ఏముంది, రోజూ తింటాగా" అన్నాడు! ఆయన దృష్టిలో అది సమాచారం కోసం అడిగిన ప్రశ్న, జవాబు చెప్పేంత విషయం లేదు. ఆమె అడిగింది అన్నం గురించి కాదు కదా, "నేను గుర్తున్నానా" అని. ఫోన్ సగం చూపిస్తుంది, మిగతా సగం మనం పూరించుకుంటాం, ఆ పూరించేది ఎప్పుడూ మన భయంతోనే పూరిస్తాం. లాస్ట్ సీన్ దాచుకోవచ్చు, 2022 నుంచి ఆన్‌లైన్ కూడా దాచుకునే సెట్టింగ్ ఉంది, కానీ పెళ్ళైన ఆరునెలలకి మొగుడు సడెన్‌గా లాస్ట్ సీన్ దాచేస్తే దాంతో ఇంకో కొత్త కథ మొదలవుతుంది, కాబట్టి నేనైతే ఆ సలహా ఇవ్వను. "పనిలో ఉంటే ఒక బొటనవేలు ఎమోజీ పెట్టు చాలు, సాయంత్రం మాట్లాడుకుందాం" అని ముందే ఇద్దరూ ఒప్పుకున్న జంటలకి ఈ గొడవ చాలావరకు తగ్గింది.

అపోహ: రోజూ పుట్టింటికి ఫోన్లు చేయడం వల్లే అమ్మాయి కాపురం చెడింది.

వాస్తవం: అత్తగార్లు, మామగార్లు, ఒక్కోసారి ఊరి పెద్దమనుషులు కూడా మొదట చెప్పే మాట ఇదే. ఎన్నిసార్లు చేసింది, ఎంతసేపు మాట్లాడింది, అన్నీ లెక్కగట్టి చెప్తారు. అబ్బాయి వాళ్ళమ్మతో ఎన్నిసార్లు మాట్లాడాడో మాత్రం ఎవరూ లెక్కపెట్టరు! ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆయనకి ఫోన్ అక్కర్లేదు, అంతే తేడా.

తల్లితో రోజూ మాట్లాడటం జబ్బు కాదు. కొత్త ఊరు, కొత్త ఇల్లు, మాట్లాడే మనిషి లేక ఆ అమ్మాయి ఏం చేస్తుంది? కాకపోతే ఒక్కచోట తేడా కొడుతుంది, గొడవ నడుస్తుండగానే లైవ్‌లో చెప్పడం. రాత్రి ఎనిమిదింటికి పప్పులో ఉప్పెక్కువైందని ఆయన విసుక్కున్నాడు, ఆమె బాత్రూంలోకెళ్ళి ఏడుస్తూ అమ్మకి ఫోన్ చేసింది, అమ్మకి నిద్ర లేదు, తెనాలిలో ఉన్న మేనమామకి చెప్పింది. ఇక్కడ తొమ్మిదిన్నరకి ఇద్దరూ కింద షాపులో ఐస్‌క్రీమ్ తిని నవ్వుకుంటూ పైకొచ్చారు, ఆ సంగతి మాత్రం అమ్మకి ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పొద్దున్నే మేనమామ ఫోన్, "ఏంటి బాబూ, మా పిల్లని తిండి దగ్గర కూడా మాటలంటున్నావంట?" అయిపోయింది, రాత్రి చల్లారినది పొద్దున రెండు కుటుంబాల మధ్య రాజుకుంది. కాబట్టి నేను అమ్మాయిలకి ఫోన్ మానమని చెప్పను, గొడవ చెప్పినవాళ్ళకి రాజీ కూడా చెప్పమంటాను. తల్లులకేమో, వెంటనే ఇంకొకరికి చేరవేయొద్దని, పొద్దున్నదాకా ఆగమని. కానీ చేయి చేసుకోవడం, డబ్బు తెమ్మని సతాయించడం, ఇంట్లోంచి పొమ్మనడం లాంటివి ఉంటే ఈ ఆగమనే సలహా వర్తించదు, అప్పుడు వెంటనే చెప్పాల్సిందే, అమ్మకి చెప్పలేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్పండి.

అత్తగారు ఫోన్ లాగేసుకున్నారని విన్నప్పుడు మాత్రం నాకు గంట మోగుతుంది. అది క్రమశిక్షణ కాదు.

అపోహ: దాచడానికేం లేకపోతే పాస్‌వర్డ్ ఇవ్వొచ్చుగా.

వాస్తవం: ఇస్తే ఇవ్వొచ్చు, ఇద్దరికీ ఇష్టమైతే. ఇప్పించుకుంటే మాత్రం అనుమానం తగ్గదు, అది నేను గట్టిగా చెప్పగలను, పాస్‌వర్డ్ తెలిశాక డిలీట్ చేసినవేంటో అనే వెతుకులాట మొదలవుతుంది. పైగా ఆయన ఫోన్‌లో చెల్లెలు తన బాధలు చెప్పుకుని ఉంటుంది, ఆమె ఫోన్‌లో ఫ్రెండ్ తన గర్భం పోయిన విషయం చెప్పుకుని ఉంటుంది, వాళ్ళెవరూ మీకు చదవమని రాయలేదు.

ఇంకో రకం ఉంది, తెలియకుండా చేసేది. అవతలివాళ్ళు స్నానానికెళ్ళినప్పుడు క్యూఆర్ స్కాన్ చేసేసి వాట్సాప్ వెబ్‌లో పెట్టుకోవడం, నిఘా యాప్ వేయడం. (మీకు డౌటుంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, తెలియని కంప్యూటర్ కనిపిస్తే అక్కడే లాగౌట్ చేయొచ్చు.) తాళి కట్టినంత మాత్రాన ఫోన్ మీద హక్కు రాదు, అనుమతి లేకుండా ఇంకొకరి ఫోన్‌లోకి దూరి సమాచారం తీసుకుంటే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద కేసు కావచ్చు, 66లో మూడేళ్ళ దాకా జైలు లేదా 5 లక్షల దాకా జరిమానా లేదా రెండూ ఉన్నాయి.

"సుప్రీంకోర్టు రికార్డింగులు చెల్లుతాయందిగా మేడం" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. 2025 జులైలో ఒక విడాకుల కేసులో, భార్యతో తన సంభాషణల్ని ఆమెకి తెలియకుండా భర్త రికార్డ్ చేస్తే వాటిని సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పిన మాట నిజమే, అంతకుముందు పంజాబ్ హర్యానా హైకోర్టు కుదరదంది. కానీ అదే తీర్పులో, ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే పోయినట్టేననే అర్థంలో కూడా అన్నారు. జనం మొదటి ముక్కే పట్టుకున్నారు! విడాకులు కావాలనుకునేవాళ్ళు లాయర్ని అడిగి రికార్డింగ్ సంగతి చూసుకోండి, కలిసుండాలనుకునేవాళ్ళు మాత్రం రికార్డ్ చేయకండి. రికార్డింగ్ ఆన్‌లో ఉన్నవాడు మాట్లాడే పద్ధతే వేరుగా ఉంటుంది, కావాలని మెత్తగా మాట్లాడుతూ అవతలివాళ్ళని రెచ్చగొడతాడు, చాలాసార్లు విన్నాను.

అపోహ: ఫ్యామిలీ గ్రూప్ ఉంటే బంధువులు దగ్గరవుతారు.

వాస్తవం: పెళ్ళి పనులకి, చావు కబురుకి భలే పనికొస్తుంది. మిగతా రోజుల్లో గుడ్ మార్నింగ్ పూలు, రాజకీయాల మీద కొట్టుకునే ఒక బావగారు, ఇంకో బాబాయ్. కొట్టుకున్నాక గ్రూప్‌లోంచి వెళ్ళిపోవడం పెద్ద అవమానంగా చూస్తున్నారు, 2022 నుంచి చప్పుడు చేయకుండా వెళ్ళిపోవచ్చు, అడ్మిన్‌కే తెలుస్తుంది, అయినా వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు 60 రోజుల దాకా లిస్టులో చూడొచ్చు కాబట్టి మా పెద్దత్తయ్య లాంటివాళ్ళు కనిపెట్టేస్తారు. స్టేటస్ గొడవ ఇంకోటి, కోడలు ఊటీ ఫొటోలు అత్తగారికి కనపడకుండా పెడితే తోడికోడలు తీసుకెళ్ళి చూపిస్తుంది. దాచాలనుకుంటే అసలు పెట్టకపోవడమే తేలిక.

అపోహ: వీడియో కాల్ ఉందిగా, అమెరికాలో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే.

వాస్తవం: గుంటూరు, తెనాలి, ఏలూరు వైపు ఇది ఇంటింటి కథ. డల్లాస్‌లో ఉన్న కొడుకు ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చేస్తాడు, ఇక్కడ రాత్రి ఏడున్నర, నాన్న భోజనానికి ముందు కుదురుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి పెడతారు, అబ్బాయి టైం అదే తొమ్మిది, ఇక్కడేమో ఎనిమిదిన్నర అవుతుంది. ఏడున్నర నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్న పెద్దాయనకి ఇది ఎవరూ చెప్పలేదు. "వాడికి మనం గుర్తులేం" అని అన్నం తినకుండా పడుకున్నాడు. నవ్వులాటగా ఉంది కదా, ఆ ఇంట్లో కొడుకుతో నెలరోజులు మాటల్లేవు. క్యాలెండర్ మీద నవంబర్‌లో, మళ్ళీ గడియారం ముందుకి జరిపే మార్చిలో ఒక గుర్తు పెట్టి ఇవ్వండి పెద్దవాళ్ళకి.

మనవళ్ళతో కాల్ అయితే "తాతకి హాయ్ చెప్పు, ముద్దివ్వు, పద్యం చెప్పు" అని పరీక్ష పెడతాం, రెండేళ్ళ పిల్ల మూలనున్న తన మొహమే చూసుకుని పారిపోతుంది, ఇక్కడ నానమ్మ చిన్నబుచ్చుకుంటుంది. దానికన్నా ఫోన్ వంటింట్లో డబ్బాకి ఆనించి, నానమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటే పిల్ల అక్కడ బొమ్మలు గీసుకుంటూ ఉంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. కాల్ అరగంట నడిచినా ఎవరికీ అలుపుండదు.

అపోహ: పిల్లలకి స్క్రీన్ అంటేనే విషం.

వాస్తవం: రెండేళ్ళలోపు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దని డబ్ల్యూహెచ్‌వో 2019లో చెప్పింది. ఏడాదిన్నర లోపు పిల్లల విషయంలో కూడా వీడియో కాల్‌ని మాత్రం మినహాయించింది అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ, అంటే అమ్మమ్మ కాల్ భయం లేదు. నన్ను అడిగితే పిల్లాడి చేతిలో ఫోన్ కన్నా అమ్మానాన్నల చేతిలో ఫోన్ గురించి ఎక్కువ మాట్లాడాలి. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త తల్లుల్ని కాసేపు ఏ భావమూ లేని మొహంతో బిడ్డ ముందు కూర్చోమన్నాడు, బిడ్డ నవ్వింది, చేతులు చాపింది, కేకపెట్టింది, ఆఖరికి మొహం తిప్పేసుకుంది. తర్వాతి కాలంలో అదే ప్రయోగం తల్లి చేతికి ఫోన్ ఇచ్చి కూడా చేశారు, పిల్లలు అలాగే తల్లడిల్లారు. అన్నం తినిపిస్తూ ఒక చేత్తో రీల్స్ తిప్పే తండ్రులు కూడా ఇందులోకే వస్తారు.

అపోహ: పెద్దవాళ్ళకి స్మార్ట్‌ఫోన్ కొనిస్తే కాలక్షేపం, మనకి నిశ్చింత.

వాస్తవం: "డిజిటల్ అరెస్ట్" అని వీడియో కాల్ చేసి పోలీసు డ్రెస్సులో బెదిరించేవాళ్ళకి ఎక్కువగా దొరికేది ఇంట్లో ఒంటరిగా ఉన్న ఈ పెద్దవాళ్ళే. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, ఇది వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఇంకా ముఖ్యం, డబ్బు పోయాక పిల్లలకి చెప్పరు. "నీకెందుకమ్మా ఇవన్నీ, ముట్టుకోవద్దన్నానా" అని అంతకుముందు యూపీఐ నేర్పేటప్పుడు విసుక్కున్నాం కదా, ఆ విసుగు గుర్తుంటుంది. ఎంత ఆలస్యమైతే డబ్బు ఆపడం అంత కష్టం కాబట్టి మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెళ్ళాలి. తిట్టేది ఉంటే వచ్చేవారం తిట్టండి.

అపోహ: కౌన్సెలింగ్‌కి వెళ్తే ఫోన్ మానేయమంటారు, స్క్రీన్‌షాట్లు తీసుకెళ్తే ఎవరిది తప్పో తేల్చేస్తారు.

వాస్తవం: ఫోన్ మానమని నేను ఎవరికీ చెప్పలేదు. రాత్రి గంటసేపు ఫోన్లు పక్కన పెట్టమంటే కొన్ని జంటలు ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలీక పోట్లాడుకున్నాయి కూడా, ముందు పదిహేను నిమిషాలు, అదీ ఏదో పని చేస్తూ, బట్టలు మడతపెడుతూనో నడుస్తూనో మొదలుపెట్టమంటాను. ఇక స్క్రీన్‌షాట్లు, ఫైల్‌లో పెట్టి ప్రింట్లు తీసి తెస్తారు కొందరు, హైలైటర్‌తో గీసి మరీ. నేను చదవను. మీకు అవసరమనిపిస్తే గొడవ జరిగిన ఒక్కరోజు చాట్ పైనుంచి కిందదాకా తీసుకురండి, మీరు అన్నవి కూడా ఉండాలి. ఇద్దరూ రాలేకపోతే ఒక్కరే రండి, అదీ కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైంలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.